నల్లాకూ నాలాకూ మధ్య

1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య హైదరాబాద్‌లో దిగినప్పుడు నిజాం సర్కార్ ఆయన ముందు మూడు పనులు పెట్టింది. ఒకటి, తుగ్యానీలో నేలమట్టమైన షహర్‌ని మళ్లీ నిలబెట్టడానికి సలహా ఇవ్వాలి. రెండు, మూసీ ఇంకోసారి ఊరి మీదికి రాకుండా ఉపాయం చెప్పాలి. మూడు, హైదరాబాద్ షహర్‌కీ చాదర్‌ఘాట్‌కీ మురుగు పోయే పూర్తి ఇంతెజామ్ తయారు చేయాలి.

మొదటి రెండూ మనకు కంఠతా వచ్చు. ఉర్దూ మీడియం బడిలో నేను చదువుకున్నప్పుడు తుగ్యానీ-ఎ-రూద్-ఎ-మూసా అని ఉస్తాద్ చెప్తుంటే క్లాసంతా నిశ్శబ్దమయ్యేది. తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కథ. పాఠం అక్కడితో ఖతం. డిగ్రీకి తెలుగులోకి వచ్చాక కూడా అదే కథ, అంతే మేరకు. మూడో పని ఏమైందో ఉర్దూలోనూ ఎవరూ చెప్పలేదు, తెలుగులోనూ చెప్పలేదు. వరదకి షాయరీ ఉంది, కట్టకి శిలాఫలకం ఉంది. మోరీకి ఏముంటుంది?

ఇప్పుడు మూసీ ఒడ్డున, చెరువుల పక్కన కొత్త మురుగునీటి శుద్ధి కేంద్రాలు లేస్తున్నాయి. ఎంత శాతం పని అయింది, ఎన్ని కోట్లు ఖర్చయింది అని మా పేపర్ల వాళ్లం రాస్తూనే ఉన్నాం. ఆ శాతాల వెనక నూరేళ్లు దాటిన తారీఖ్ ఉంది. అందులో మన బస్తీల పేర్లు, మన పేర్లు కూడా ఉన్నాయి. అందుకే ఇది రాయడం.

1908 సెప్టెంబర్ 28. రంజాన్ నెల అప్పుడే మొదలైంది. మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 ఒకదాని వెనక ఒకటి తెగాయి. చనిపోయినవాళ్లు పదిహేను వేల దాకా అని అంచనా. అమ్జద్ హైదరాబాదీ సాబ్ తన తల్లినీ, భార్యనీ, బిడ్డనీ ఆ నీళ్లలో పోగొట్టుకుని తాను మాత్రం బతికి బయటపడ్డారు. ఇవన్నీ మన పెద్దలు చెప్తూ వచ్చినవే కాబట్టి ఇక్కడ పొడిగించను. వరదకి ముందు షహర్ ఎలా ఉండేదన్నది మాత్రం కొంచెం చూడాలి.

పైపులు లేని రోజుల్లో ఇంటికి నీళ్లు తెచ్చేవాడు బిహిష్తీ. భుజాన తోలు మష్క్, దాన్నిండా బావి నీళ్లు. బిహిష్త్ అంటే జన్నత్. నీళ్లు తెచ్చేవాడు జన్నత్ నుంచి వచ్చినవాడితో సమానమని ఆ పేరు. ఇంట్లోంచి మలాన్ని ఎత్తుకుపోయేవాడు మెహతర్. ఫార్సీలో మెహతర్ అంటే పెద్దవాడు, సర్దార్. ఈ మాటకి వేళాకోళమే మూలమో, జాలి మూలమో నాకు తేలలేదు. హలాల్‌ఖోర్ అని ఇంకో పేరు కూడా ఉంది, కష్టపడి హలాల్ సొమ్ము తినేవాడు అని. పేర్లన్నీ ఎంత ఖూబ్‌సూరత్! బిహిష్తీ ముంగిట్లోంచి లోపలికొచ్చేవాడు, మెహతర్ వెనక గల్లీలోంచి వచ్చేవాడు. సండాస్ కింద పెట్టిన డబ్బా తీసుకుని అటునుంచి అటే పోయేవాడు. ఇంట్లోవాళ్లకి అతని ముఖం తెలిసేది కాదు.

మనలో కులాల్లేవని ఖుత్బాల్లో వింటాం. దీన్‌లో లేవు, నిజమే. సమాజంలో ఉన్నాయి కాబట్టే రాష్ట్ర బీసీ జాబితాలో ముస్లిం మెహతర్లని ఒక వరసే ఉంది. 2007లో బీసీ-ఈ వచ్చి నాలుగు శాతం మీద అంత బహస్ జరిగిందే, దానికంటే చాలా ముందు నుంచి ఉంది ఆ వరస. మన మహల్లా కమిటీల్లో ఆ ఇళ్లవాళ్లు ఎంతమంది కూర్చున్నారో ఎవరికివాళ్లు లెక్క చూసుకోవచ్చు.

ఇక మూడో పని దగ్గరికొద్దాం. విశ్వేశ్వరయ్య 1909లోనే రిపోర్ట్ ఇచ్చి మైసూర్‌కి చీఫ్ ఇంజనీర్‌గా వెళ్లిపోయారు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ ఇంతెఖాల్ అయ్యారు, ఉస్మాన్ అలీ ఖాన్ తఖ్త్ ఎక్కారు. మరుసటేడు ఆరాయిష్-ఎ-బల్దా మహకమా పుట్టింది. బల్దా అంటే షహర్, ఆరాయిష్ అంటే అలంకారం. ఇప్పటికీ తెలుగు పేపర్లు జీహెచ్‌ఎంసీని బల్దియా అని రాస్తాయి, ఆ మాట అక్కడిదే. నాంపల్లి, సుల్తాన్‌షాహీ, మొఘల్‌పురా లాంటి చోట్ల ఇరుకు బస్తీల్ని తీసేసి గాలీ వెలుతురూ ఉండే ఇళ్లు కట్టింది ఈ మహకమానే. రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీ దుకాణాలు కట్టింది. పేరు అలంకారమే గానీ భయం తావూన్‌ది, హైజాది. ప్లేగూ కలరా ఇంటింటి గడప తొక్కుతున్న కాలం అది.

ఇప్పుడు తారీఖులు వరసగా చూడండి. ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. షహర్ కింద భూగర్భ మురుగు వ్యవస్థ 1931లో పూర్తయింది. ముగ్గురూ ఒకే వరదకి పుట్టిన పిల్లలే. నల్లా నీళ్లు తెచ్చే బిడ్డ ముందు నడిచింది, మురుగు మోసే బిడ్డ పదకొండేళ్లు ఆలస్యంగా నడిచింది.

అయినా అది అల్లాటప్పా పని కాదు. 54 చదరపు కిలోమీటర్ల షహర్‌కి, 4 లక్షల 68 వేల జనానికి లెక్కవేసి కట్టారు. వాన నీళ్ల కాలువలు వేరు, మురుగు పైపులు వేరు. మూసీ పడమటి నుంచి తూర్పుకి పారుతుంది కాబట్టి మురుగు కూడా ఆ వాలునే నమ్ముకుని అంబర్‌పేట వైపు పోయేది. అంతటి దూరపు చూపున్న మునిసిపాలిటీలు ఆనాటి హిందుస్తాన్‌లో చాలా తక్కువ. ఇది చెప్పడానికి నిజాం భక్తుడు కానక్కర్లేదు. ఆ పైపులు వేసిన పైసలు తెలంగాణ పల్లెల్లో రైతు కట్టిన లగాన్‌లోంచి వచ్చాయి, ఆ పల్లెల్లో ఏ మోరీ లేదు. రెండు మాటలూ సచ్.

1931 దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఎందుకంటే కథ అక్కడే చెడింది.

ఉర్దూలో నీళ్లు తెచ్చే పనిని ఆబ్‌రసానీ అంటారు. మురుగు పోయే దారిని బదర్‌రౌ అంటారు. తెలుగులో ఇంకా చిత్రంగా ఉంది, మన హైదరాబాద్ తెలుగులో నీళ్లొచ్చేది నల్లా, మురుగు పోయేది నాలా. ఒక్క దీర్ఘమూ ఒక్క ఒత్తూ తేడా. 1931 తర్వాత ఈ షహర్‌లో ఏ హుకూమత్ వచ్చినా నల్లా గురించి ఆలోచించింది, నాలా గురించి ఆలోచించలేదు. 1965లో మంజీర నీళ్లు వచ్చాయి. తర్వాత సింగూరు. 2004లో కృష్ణా. 2015లో గోదావరి. ప్రతిసారీ పండగ, ప్రతిసారీ రిబ్బన్. ఎంతో దూరం నుంచి నీళ్లు ఎత్తి తెచ్చారు. ఆ నీళ్లు తాగేశాక, స్నానం చేశాక, గిన్నెలు తోమాక ఎక్కడికి పోవాలి?

ఇంజనీర్లది ఒక మోటు లెక్క ఉంది. ఇంటికి ఇచ్చిన నీళ్లలో నూటికి 80 వంతులు మురుగై తిరిగొస్తాయి. అంటే గోదావరి నుంచి వంద బిందెలు తెచ్చారంటే ఎనభై బిందెల మురుగుని కూడా ఆ రోజే తెచ్చినట్టు. దాని కోసం దారి వేయకపోతే అదే దారి వెతుక్కుంటుంది. వాన నీళ్ల కోసం ఉన్న నాలాల్లోకి దిగింది. చెరువుల్లోకి పోయింది. ఒకప్పుడు షహర్‌కి తాగునీళ్లిచ్చిన హుస్సేన్ సాగర్‌కి ఏ గతి పట్టిందో చెప్పక్కర్లేదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో దివాన్ మీర్ ఆలం పేరు మీద వరస కమాన్లతో కట్టిన మీర్ ఆలం తాలాబ్ కూడా పాత షహర్‌కి తాగునీళ్లిచ్చిందే. ఇవాళ దాని గట్టున ముక్కు మూసుకుని నడుస్తాం. వాన కాలువలు వేరు, మురుగు వేరు అన్న 1931 నాటి ఉసూల్ కాగితం మీద మిగిలింది, నేల మీద రెండూ కలిసిపోయాయి.

నీళ్ల మహకమాకీ మురుగు మహకమాకీ కలిపి ఒకే బోర్డు పెట్టింది 1989లో. పేరులో రెండూ ఉన్నా జనం నోట్లో అది ఇప్పటికీ వాటర్ బోర్డే. మూసీని శుద్ధి చేయాలన్న పెద్ద కోషిష్ మొదలైంది జాతీయ నదుల పరిరక్షణ పథకం కింద. అంబర్‌పేటలో రోజుకి 339 ఎంఎల్‌డీ, నాగోల్‌లో 172, అత్తాపూర్‌లో 51, నల్లచెరువు దగ్గర 30. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకి పది లక్షల లీటర్లు. నాలుగూ కలిపితే 592. చిన్నాచితకా అన్నీ కలుపుకుని 2021 నాటికి షహర్ శుద్ధి చేయగలిగింది 772 ఎంఎల్‌డీ. జీహెచ్‌ఎంసీ హద్దుల్లో రోజూ పుట్టే మురుగు 1650. అంటే సగం కంటే ఎక్కువ, రోజుకి 87 కోట్ల లీటర్ల పైచిలుకు, తూములోంచి తిన్నగా మూసీలోకి పోయేది. అది కూడా ఉన్నవన్నీ పూర్తిగా పనిచేస్తే.

2021లో సర్కార్ 31 కొత్త కేంద్రాలకి మంజూరీ ఇచ్చింది. మొత్తం 1259.5 ఎంఎల్‌డీ, ఖర్చు 3866.41 కోట్లు. మూడు భాగాలు చేశారు. అల్వాల్, మల్కాజ్‌గిరి, కాప్రా, ఉప్పల్ వైపు 8. రాజేంద్రనగర్, ఎల్బీనగర్ వైపు 6. కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, శేరిలింగంపల్లి వైపు 17. పాతవీ కొత్తవీ కలిపితే రెండు వేల ఎంఎల్‌డీ దాటుతుంది, ఔటర్ రింగ్ రోడ్ లోపల పుట్టే 1950 కంటే ఎక్కువ. 2023 నాటికి నూరు శాతం శుద్ధి, దక్షిణాసియాలోనే మొదటి షహర్ అని ఎలాన్ చేశారు. ఆ ఏడాది జూలైలో కోకాపేటలో 15 ఎంఎల్‌డీ కేంద్రం తెరిచారు. తర్వాత దుర్గం చెరువు దగ్గర 7, ఆ వెనక అన్నిట్లోకీ పెద్దదైన నాగోల్ 320. మిగతావాటి గడువు జరిగింది, మళ్లీ జరిగింది. హుకూమత్ మారాక కూడా పనులు సాగాయి, ఒక్కొక్కటిగా చేతికొస్తూ వచ్చాయి. అమృత్ పథకం కింద ఇంకో 39 కట్టాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది.

నాగోల్ కడుతున్నప్పుడు రెండుసార్లు లోపలికెళ్లి చూశాను. మొదటిసారి అదొక బ్రహ్మాండమైన గొయ్యి, ఇనుప ఊచలు, బిహార్ నుంచీ బెంగాల్ నుంచీ వచ్చిన కూలీలు. జుహర్ వేళకి నలుగురైదుగురు సిమెంట్ బస్తాల ఖాళీ సంచులు పరిచి నమాజ్‌కి నిలబడ్డారు. రెండోసారి వెళ్తే గొయ్యి నాలుగు తొట్లయింది, ఆ తొట్లలో ఏం జరుగుతుందో ఒక జవాన్ ఇంజనీర్ ఓపిగ్గా చెప్పాడు. సాదాగా చెప్తే ఇంతే. మురుగు రాగానే జాలీల్లో ప్లాస్టిక్, గుడ్డలు, చెత్త ఆగుతాయి. తర్వాత ఇసుక కిందకి దిగుతుంది. అక్కణ్నుంచి పెద్ద తొట్టిలోకి. తొట్టి నింపుతారు, అడుగు నుంచి గాలి ఊదుతారు. గాలి తగిలితే కంటికి కనపడని జీవాలు లేచి మురుగుని తినడం మొదలుపెడతాయి. కడుపు నిండాక గాలి ఆపుతారు, అవి ముద్దలై అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీళ్లు వంపేస్తారు. మళ్లీ నింపుతారు. నింపు, ఊదు, ఆపు, వంపు. రోజంతా ఇదే.

ఆ ఇంజనీర్ దీన్ని కొత్త టెక్నాలజీ అన్నాడు. నేను ఎదురు చెప్పలేదు గానీ ఇది కొత్తదేం కాదు. 1914లో ఇంగ్లాండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు సరిగ్గా ఇలాగే సీసాల్లో నింపి, ఊది, ఆపి, వంపి చూశారు. వాళ్లని ఆ దారిలో పెట్టిన గిల్బర్ట్ ఫౌలర్ రెండేళ్లు తిరక్కుండానే బెంగళూరు సైన్స్ సంస్థకి ప్రొఫెసర్‌గా వచ్చాడు. అంటే 1931లో మన షహర్ కింద పైపులు పూర్తవుతున్నప్పటికే మురుగుని శుద్ధి చేసే ఇల్మ్ పుట్టి పదిహేడేళ్లయింది, దాన్ని తెలిసినవాడు పక్క రాజ్యం దాకా వచ్చి వెళ్లాడు కూడా. లేనిది ఇల్మ్ కాదు.

ఇప్పుడు అసలు సంగతి. కేంద్రం కట్టడం సులువు, దాని దాకా మురుగుని తేవడం కష్టం. కేంద్రానికి ఒకే గుత్తేదారు, ఒకే జాగా, చుట్టూ గోడ. పైపు అలా కాదు. ప్రతి గల్లీ తవ్వాలి, ప్రతి ఇంటి ముందూ నెల రోజులు గొయ్యి ఉంటుంది, కార్పొరేటర్‌కి ఫోన్లు పోతాయి, ఓట్లు పోతాయి. కాబట్టి ఏం చేస్తారంటే నాలాకే అడ్డుకట్ట వేసి, అందులో పారే మురుగుని పైపులోకి తిప్పి కేంద్రానికి పంపుతారు. దాంతో నది కొంత బాగుపడుతుంది. నాలా పక్కన ఇల్లున్నవాడికి ఏ మార్పూ ఉండదు. వాడి ఇంటి మోరీ ఇంకా ఆ నాలాలోకే పోతుంది, ఆ నాలా ఇంకా వాడి గోడనే రాసుకుంటూ పోతుంది. వాన గట్టిగా పడితే అడ్డుకట్ట మీంచి అంతా దొర్లి మళ్లీ నదిలోకే. నూరు శాతం శుద్ధి అన్న మాటలో ఈ గల్లీ లెక్కలోకి రాదు. పని ఎంతయింది అని ఎవరైనా అడిగితే తొట్టి ఎంతయింది అని మేం రాస్తాం, పైపు ఎంతయింది అని రాయం. మా తప్పు కూడా ఉంది. తొట్టికి ఫోటో వస్తుంది, పైపుకి రాదు.

2020 అక్టోబర్ మర్చిపోలేదు కదా. 13వ తేదీ రాత్రి వాన. పల్లె చెరువు తెగి అల్ జుబైల్ కాలనీ, అలీ నగర్ మునిగాయి. నాలుగైదు రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది. ఇళ్లలోకి వచ్చినవి వాన నీళ్లే అయితే జనం ఎండబెట్టుకుని బతికేవాళ్లు. వచ్చింది చెరువులో ఏళ్ల తరబడి నిలవున్న మురుగు. ముసహఫ్‌లు, జానమాజ్‌లు, పిల్లల పుస్తకాలు, పెళ్లికని దాచిన జోడాలు, అన్నీ ఆ నల్లటి నీళ్లలో. ఒక ఖాలా నన్ను అడిగింది, బేటా, ఈ ఇల్లు పాక్ చేయాలంటే ఎన్నిసార్లు కడగాలి అని. మసలా నాకు తెలుసు. కడగడానికి నల్లాలో నీళ్లే రావడం లేదు, అందుకని జవాబు చెప్పలేదు.

ఫిఖ్హ్ కితాబులన్నీ తహారత్ బాబ్‌తోనే మొదలవుతాయి. నమాజ్ కంటే ముందు నీళ్లు. ఏ నీళ్లు పాక్, ఏవి నాపాక్, పారేవి ఎంత, నిలవున్నవి ఎంత అని మన ఫుఖహా పేజీలకు పేజీలు రాశారు. నీళ్లు చెడ్డాయని తెలిసేది మూడింటితో, రంగు, వాసన, రుచి. వుజూ చేసిన నీళ్లు మన హనఫీల దగ్గర ముస్తామల్, అంటే పాకే గానీ ఇంకోదాన్ని పాక్ చేయలేవు. ఇంత నఫాసత్ ఉన్న ఉమ్మత్ మనది. మురుగుని మిషన్లు శుద్ధి చేస్తే ఆ నీళ్లు పాకేనా అని సౌదీ అరేబియాలో సవాల్ వచ్చినప్పుడు అక్కడి కిబార్ ఉలమా కౌన్సిల్ ఇంజనీర్లనీ, రసాయన శాస్త్రం తెలిసినవాళ్లనీ అడిగి మరీ 1978లో జవాబిచ్చింది. రంగు, వాసన, రుచిలో నజాసత్ జాడ లేకుండా పోతే ఆ నీళ్లు పాక్, వుజూకీ గుస్ల్‌కీ వాడొచ్చు. తాగడం మాత్రం ఆరోగ్యానికి హాని లేదని తేలితేనే, అయినా మానుకోవడమే బెహతర్ అని.

మన నాగోల్, అంబర్‌పేట నీళ్లు ఆ స్థాయివి కావు, ఇది కూడా చెప్పాలి. అవి నదిలో వదలడానికీ, చెట్లకీ, కట్టడాలకీ తయారు చేసిన నీళ్లు. చూడ్డానికి తేటగా ఉన్నాయి కదా అని ఎవరూ వుజూ చేయొద్దు.

ఫిఖ్హ్‌లో ఇంకో బాబ్ ఉంది, జల్లాలా. నజాసత్ తినే పశువుని కొన్ని రోజులు కట్టేసి మంచి మేత పెట్టాకే దాని పాలు, గోష్త్ వాడాలని. నజిస్ నీళ్లతో పండిన పంట సంగతి ఏమిటన్న దాని మీద కూడా ఇఖ్తిలాఫ్ ఉంది. హంబలీలు శుభ్రమైన నీళ్లు పెట్టేదాకా వద్దన్నారు, ఎక్కువమంది ఫర్వాలేదన్నారు. ఇది ఎందుకెత్తానంటే షహర్ దాటాక మూసీ పొడుగునా మురుగు నీళ్ల మీద గడ్డి పెంచుతారు. పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు వెళ్తే కనుచూపు మేర పచ్చగా ఉంటుంది. ఆ గడ్డి మోపులు షహర్‌లోని బర్రెలకి వస్తాయి, ఆ పాలు మన ఇళ్లకీ హోటళ్లకీ వస్తాయి. ఆ బర్రె జల్లాలా అవుతుందో కాదో ఉలమా చెప్పాలి, నా పని కాదు. మన సండాస్ నుంచి మన చాయ్ దాకా దారి ఎంత దగ్గరో చెప్పడం వరకే నా పని.

ఆ కింద ఉన్న రైతుల కథ ఇంకో మలుపు. అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ అసలు వానాకాలపు నది. ఎండాకాలంలో ఇసుక తప్ప ఏముండేది కాదు. ఇవాళ పన్నెండు నెలలూ పారుతోందంటే మంజీర, కృష్ణా, గోదావరి నీళ్లు మన ఇళ్ల గుండా వచ్చి అందులో పడుతున్నాయి కాబట్టి. యాదాద్రి, నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో కత్వాల కింద, 1963లో సోలిపేట దగ్గర కట్టిన ప్రాజెక్టు కింద వరి పండేది ఈ నీళ్ల మీదే. ఆ రైతులకి ఈ నీళ్లు కావాలి, ఇందులోని విషం వద్దు. కేంద్రాలు సరిగ్గా నడిస్తే అందరికంటే ఎక్కువ ఫాయిదా వాళ్లకే. శుద్ధి చేసిన నీళ్లన్నీ ఫ్యాక్టరీలకీ ఆకాశహర్మ్యాలకీ అమ్మేస్తే మాత్రం వాళ్ల నది మళ్లీ ఇసుకవుతుంది. ఆ నీళ్లు ఎవరివన్న తగాదా ఇంకా మొదలవలేదు, మొదలవుతుంది.

ఇటు షహర్‌లో ఇంకో తగాదా మొదలై ఉంది. 2024 చివర్లో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మూసా నగర్, శంకర్ నగర్ ఇళ్ల గోడల మీద ఎర్ర అక్షరాలతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. నది గర్భంలో ఉన్న ఇళ్లని అర్థం. కొన్ని కూలాయి, కొందరు డబుల్ బెడ్‌రూం ఇళ్లకి వెళ్లారు, కొందరు మేం కదలమన్నారు. నది కాలుష్యానికి ఈ గుడిసెలే కారణమన్నట్టు మాట్లాడినవాళ్లని టీవీల్లో చూశాను. లెక్క మళ్లీ చూడండి. 165 కోట్ల లీటర్ల మురుగులో మూసా నగర్ వాటా ఎంత? బంజారా హిల్స్ కమోడ్‌లోంచి పోయేదీ ఆ నదిలోకే పోతుంది, దాని వాసన పీల్చేది మాత్రం మూసా నగర్. ఆరాయిష్-ఎ-బల్దా కూడా బస్తీలు తీసేసింది, నిజమే. తీసిన చోట, దాని పక్కన ఇళ్లు కట్టి మోరీ వేసింది. ఆ తేడా ఒక్కటి ఇప్పటి హాకిమ్‌లు గుర్తుంచుకుంటే చాలు.

మెహతర్ సంగతి మధ్యలో వదిలేశాను. డబ్బా సండాస్‌లని, వాటిని చేత్తో ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. 2013లో ఇంకా గట్టిది వచ్చింది. కోలార్ బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ తన జిందగీ దీనికే పెట్టాడు, 2016లో మెగసెసే అందుకున్నాడు. డ్రైనేజీలో దిగి చనిపోయినవాళ్ల కుటుంబానికి పది లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబర్‌లో ముప్పై లక్షలకి పెంచింది. హైదరాబాద్‌లో 2017లో గల్లీల్లో తిరిగే చిన్న జెట్టింగ్ మిషన్లు డెబ్భై దింపారు, ఆ పనిలో ఉన్న దళితులే వాటికి మాలిక్‌లు. మంచి పని. అయినా మ్యాన్‌హోల్ మరణం వార్త నా టేబుల్ మీదికి రావడం ఆగలేదు. మిషన్ పట్టని గల్లీలో, పెళ్లిళ్ల సీజన్‌లో షాదీఖానా మోరీ నిండితే, ఎవరో ఒకరిని ఐదొందలిచ్చి దింపుతారు. దింపేది సర్కారే కాదు, మనం కూడా.

కొత్త కేంద్రాల్లో ఒకటి మీర్ ఆలం తాలాబ్ దగ్గర ఉంది. పాత షహర్‌లో ఉంటున్నవాళ్లు ఓసారి పిల్లల్ని తీసుకుని అటు వెళ్లండి. గేట్ దగ్గర ఆపితే ఆపుతారు. లోపలికి వెళ్లనిస్తే తొట్ల దగ్గర ఎక్కువసేపు నిలబడకుండా, మురుగు లోపలికొచ్చే పైపు ఎక్కడుందో చూపించమని అడగండి. అది ఏ నాలా నుంచి వస్తోంది, ఆ నాలాలోకి ఏ మహల్లాలు కలుస్తాయి, మీ ఇంటి మోరీ అందులో ఉందా లేదా. వాటర్ బోర్డు దగ్గర నక్షా ఉంటుంది. ఆర్టీఐ దరఖాస్తుకి పది రూపాయలు, ఉర్దూలో రాయడం వచ్చినవాళ్లు తెలుగులో రాయించుకోండి, జవాబు కొంచెం తొందరగా వస్తుంది.